పక్కింటి కుందేళ్లను కాపాడటం ఎలా? తెలిసినవారు చెప్పండి

పక్కింటి పెరట్లో ఒకే ఇరుకు పంజరంలో ఐదు కుందేళ్లు ఉన్నాయి. అడుగున ఉత్త ఇనుప వల. ఒకదాని వెనక పాదాలకు బొచ్చు ఊడిపోయి పుండ్లు పడ్డాయి. మరొకటి తల ఒక పక్కకు వాల్చుకునే తిరుగుతోంది. ఎండుగడ్డి అసలు వేయరు, ఎప్పుడూ రొట్టె ముక్కలే. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతాయి, గడ్డి నమలకపోతే అవి ఎలా అరుగుతాయి?

జంతు సంక్షేమ అధికారులకు ఫిర్యాదు చేశాను. వచ్చినాయన తిండి, నీళ్లు ఉన్నాయని చూసి ‘సమస్య ఏమీ లేదు’ అని రాసి వెళ్లిపోయారు. ఒక్క పాదమైనా ఎత్తి చూడలేదు! కుందేలు మామూలుగా నొప్పిని బయటపడనివ్వదు, అరవడం అరుదు. ఆ మౌనాన్ని క్షేమమని రాసేస్తే వాటి తరఫున ఇంకెవరు మాట్లాడాలి? నాకు చాలా కోపంగా ఉంది.

బతిమాలితే యజమాని ఇచ్చేలా ఉన్నారు. ఆడవీ మగవీ కలిసే ఉన్నాయి, పిల్లలు పెట్టిన రోజే మళ్లీ చూలు కట్టగలవు కనుక తెచ్చిన వెంటనే విడదీస్తాను. తల వాలిన దాన్ని కూడా వేరుగా ఉంచాలా? రొట్టె నుంచి గడ్డికి ఎంత నెమ్మదిగా మార్చాలి? ఉన్నట్టుండి మారిస్తే పేగుల కదలిక ఆగిపోతుందేమోనని భయం.

ఆయన ఇవ్వకపోతే మళ్లీ ఫిర్యాదు చేయాలి. ఫొటోలు చాలవన్నారు. పశువైద్యుడి లేఖ జతచేస్తే పట్టించుకుంటారా? ఇలాంటి ఫిర్యాదును గెలిపించుకున్నవారు ఏ ఆధారాలు చూపారో దయచేసి చెప్పండి.