బోర్డుకీ వాట్సాప్‌కీ పనికొచ్చే నీటైన తెలుగు ఫాంట్ ఏది?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట):
నమస్కారమండీ. మా చెల్లి ఫిజియోథెరపీ క్లినిక్ పెడుతోంది. బోర్డు, చీటీలు, పేషెంట్లకి వాట్సాప్‌లో పంపే వ్యాయామాల కాగితం అన్నీ ఒకే ఫాంట్‌లో ఉండాలంటోంది. డీటీపీ షాపులో అన్నీ పెళ్లి కార్డు అక్షరాలే చూపిస్తున్నారు. పైగా వాళ్లు కొట్టిన మ్యాటర్ ఫోన్‌లోకి కాపీ చేస్తే పిచ్చి గుర్తులొస్తున్నాయి. సోకులు లేని ఫాంట్ ఏదైనా ఉందా?

జవాబు (విజయవాడ, గవర్నర్‌పేట):
వాళ్లు అను ఫాంట్లలో కొట్టి ఉంటారు. అవి యూనికోడ్ (ఏ ఫోన్‌లో, కంప్యూటర్‌లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతి) కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టినవి. ఆ ఫాంట్ లేనిచోట ఆ ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే మిగులుతాయి.

మీ ఊరి పేరుతోనే ఒకటుంది, హింద్ గుంటూర్. ఇండియన్ టైప్ ఫౌండ్రీ వాళ్లది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు. లైట్ నుంచి బోల్డ్ దాకా 5 మందాలు. ఇంగ్లీషు అక్షరాలు కూడా అందులోనే ఉంటాయి కాబట్టి డిగ్రీలు, ఫోన్ నంబరు పక్కన పెట్టినా అతుకేసినట్టు కనబడవు. బోర్డు ఇరుకైతే ఎక్ టైప్ వాళ్ల అనెక్ తెలుగు తీసుకోండి. అందులో మందంతో పాటు వెడల్పు కూడా మార్చుకోవచ్చు. మామూలు ఫాంట్‌ని పక్కల నుంచి నొక్కి ఇరికిస్తే నిలువు గీతలు సన్నబడి అక్షరం ఎండిపోయినట్టుంటుంది.

వాట్సాప్‌లో టైపు చేసే మెసేజ్‌కి మాత్రం చదివేవాళ్ల ఫోన్‌లోని ఫాంటే వస్తుంది. కాగితాన్ని పీడీఎఫ్ చేసి పంపండి.

ఇంకో జవాబు (విజయవాడ, బోర్డుల పని):
బోర్డు కదా అని అందరూ బోల్డే అడుగుతారు. మీ మాటలోనే చూడండి, ‘ఫిజియోథెరపీ’. బాగా మందం పెడితే ‘ఫ’ కింది గీత కలిసిపోయి ‘ప’ అవుతుంది, ‘థ’ లోపలి చుక్క పూడిపోయి ‘ధ’ అవుతుంది. రోడ్డవతలి నుంచి చూసేవాడికి ‘పిజియోధెరపీ’! సెమీబోల్డ్ చాలు. ఖరారు చేసే ముందు ‘ఆర్థ్రైటిస్’ కొట్టించి చూడండి. ర కింద థ వత్తు, ర వత్తు, ఐత్వం, ఇంత సరుకు దిగుతుంది. అది కింది లైనుకి తగలకూడదు. కాగితం మీద 12 సైజుకి లైన్ల దూరం 18 పెట్టించండి. ఇంగ్లీషుకి సరిపోయే 14 మనకి చాలదు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. యూనికోడ్ పెడితే వత్తులు విడిపోతున్నాయంటున్నాడు షాపాయన?

జవాబు (గవర్నర్‌పేట):
పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లో అయితే అంతే, అందులో కుదరదు. ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేరాగ్రాఫ్ మెనూలో ‘వరల్డ్-రెడీ’ కంపోజర్ ఎంచుకోమనండి, వత్తులు వాటి చోట్లో కూర్చుంటాయి. ప్రింటుకి కర్వ్స్ చేసి (అంటే అక్షరాల్ని బొమ్మ గీతలుగా మార్చి) ఇచ్చినా, అసలు ఫైలు మీ దగ్గర ఉంచుకోండి. కర్వ్స్ చేశాక అక్షరదోషం దిద్దాలంటే మళ్లీ మొదటి నుంచి కొట్టాలి.