ఎన్‌ఐఓఎస్ టెన్త్, తర్వాత ఎంపీసీ: లెక్కలు, సైన్స్ టీచర్లు కాస్త సలహా చెప్పండి

విజయవాడలో ఉంటాం. బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్న మా పాపకి 14 నిండాయి. ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) సెకండరీ, అంటే టెన్త్ కట్టించి, తర్వాత ఇంటర్లో ఎంపీసీ చేర్పించాలని ఆలోచన. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, సైన్స్ ఖాయం. అయిదోది సోషలా, తేలికగా గట్టెక్కే ఇంకేదైనానా? మార్కుల కోసం సోషల్ వదిలేయడం నాకైతే నచ్చట్లేదు. కాలేజీలో అడ్మిషన్ దగ్గర దీనికేమైనా పేచీ పెడతారా?

అసలు బెంగ ప్రాక్టికల్స్ గురించి. లోలకం ప్రయోగం ఇంట్లోనే చేయిస్తున్నాం. మీటరు పొడవుకి 20 డోలనాలకు సుమారు 40 సెకన్లు రావాలి. తనకి 38 వస్తోంది, దాంతో జి (గురుత్వ త్వరణం) విలువ 9.8 రావాల్సింది 10.9 దాకా పోతోంది. గుండు వదలగానే 'ఒకటి' అని లెక్క మొదలుపెట్టడం వల్ల నిజానికి 19 డోలనాలే అవుతున్నాయి. 'సున్నా' నుంచి మొదలుపెట్టమన్నాం. దారం పొడవు కూడా ముడి దాకా కాదు, గుండు మధ్య వరకు కొలవమన్నాం. ఇలాంటివి ఇంట్లో సర్దుకుంటాయి. కెమిస్ట్రీ సంగతేంటి? ద్రావణాలు కొలిచే బ్యూరెట్, పిపెట్ కొనిచ్చినా, రంగు మారే చుక్క దగ్గర ఆపడం పక్కన చూపించేవాళ్ళు లేకుండా వస్తుందా? బెంజి సర్కిల్, పటమట వైపు వారానికోసారి ల్యాబ్‌లో చేయించే మాస్టారు ఎవరైనా ఉన్నారా?

ఇంకోటి. x² − x − 12 ని (x − 4)(x + 3) అనాల్సింది (x + 4)(x − 3) అని రాసేస్తుంది. గుణించి సరిచూడమంటే విసుగు. గుర్తుల తప్పులు పోవాలంటే మీరు క్లాసులో ఏం చేయిస్తారు?