దూరపు చీకటిలో మన టెలిస్కోప్: పంపడమా, ఊళ్లో షెడ్డు కట్టడమా?

గంటస్తంభం (విజయనగరం):
మిత్రులకు నమస్కారం. మా డాబా మీద 80 మిల్లీమీటర్ల రిఫ్రాక్టర్‌తో (లెన్సు టెలిస్కోప్), సెన్సర్‌ను చల్లబరిచే కెమెరాతో రెండేళ్లుగా నెబ్యులాల (ఆకాశంలోని వాయు, ధూళి మేఘాల) ఫొటోలు తీస్తున్నాను. వీధికి ఎల్‌ఈడీ దీపాలు వచ్చాక పాలపుంత కంటికి ఆనడమే మానేసింది. పరికరాన్ని చిలీలో అద్దెకు చోటిచ్చే అబ్జర్వేటరీకి పంపాలా, లేక సాలూరు వైపు మా అత్తవారి ఊళ్లో కప్పు జారే షెడ్డు కట్టి ఇక్కడి నుంచి నడపాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. చేసి చూసినవారు చెప్పగలరు.

ఉద్దానం:
కవిటి దగ్గర కొబ్బరితోట అంచున అటువంటి షెడ్డును నాలుగేళ్లుగా నడుపుతున్నాను. చీకటికి లోటు లేదు, బాధంతా తేమతోనే. డిసెంబరులో కూడా అర్ధరాత్రి దాటేసరికి లెన్సు మీద మంచు పడుతుంది కనుక, ట్యూబుకు వెచ్చబరిచే పట్టీ చుట్టకుండా ఒక్క రాత్రీ గడవదు. ఉప్పుగాలికి కప్పు జారే పట్టాలు తుప్పు పడతాయి. ఒకసారి నేను ఊళ్లో లేనప్పుడు కందిరీగలు లెన్సు ముందరి గొట్టంలో మట్టిగూడు కట్టాయి. నక్షత్రాల చుట్టూ వింత కిరణాలు వస్తుంటే ఫోకస్ తప్పిందనుకుని రెండు రాత్రులు సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టాను!

వాన సెన్సర్ నేరుగా కప్పు మోటారుకు కలిపి ఉండాలే కాని ఇంటర్నెట్ మీద ఆధారపడకూడదు, ఎందుకంటే గాలివానకు ముందుగా పోయేవి కరెంటు, నెట్. కప్పు మూయడానికి సరిపడా బ్యాటరీ విడిగా ఉంచండి. టెలిస్కోప్ ఎటు తిరిగి ఉన్నా కప్పు తగలనంత ఎత్తున గోడలు కడితే దిగంతం వైపు కొంత ఆకాశం పోతుంది, అయినా నిద్ర పడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానును చూసినవాడిగా చెబుతున్నాను, కప్పును కిందికి బిగించి పట్టే కొక్కేలను మరువకండి.

దక్షిణాకాశం (శ్రీకాకుళం):
నా పరికరం చిలీలో, దాదాపు 30 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర, మూడేళ్లుగా ఉంది. మనకు వానలు కురిసే జూన్, జులై నెలలే అక్కడ పొడవైన రాత్రులు. పాలపుంత కేంద్రం అప్పుడు నడినెత్తికి వస్తుంది, మన శ్రీకాకుళంలోనైతే అది 43 డిగ్రీల ఎత్తుకు మించదు, ఆ ఎత్తును కూడా మేఘాలే మింగేస్తాయి. అక్కడి గడియారం మనకంటే ఎనిమిదిన్నర లేదా తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది కనుక, వాళ్లకు రాత్రి ఎనిమిదైతే మనకు తెల్లవారుజాము, అంటే కాఫీ తాగుతూ పని మొదలుపెట్టవచ్చు. అయితే ఉత్తరాకాశంలోని ఎం81, ఎం82 గెలాక్సీలు అక్కడ ఉదయించనే ఉదయించవు. ఉత్తరాకాశం మీద మక్కువ ఉన్నవారు ఇది ముందే ఆలోచించుకోవాలి.

26 మెగాపిక్సెళ్ల ఫొటో ఒక్కొక్కటి సుమారు 52 ఎంబీ. ఐదు నిమిషాలకొకటి చొప్పున ఎనిమిది గంటలు తీస్తే 96 ఫొటోలు, 5 జీబీ దాకా అవుతుంది. మొదటి నెలలోనే, లక్ష్యం మెరిడియన్ (నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలను కలిపే గీత) దాటాక, టెలిస్కోప్‌ను మోసి తిప్పే మౌంట్ రెండో వైపుకు తిరిగేటప్పుడు కేబుల్ చిక్కుకుని ఊడింది. అక్కడి సిబ్బంది బిగించేసరికి మూడు మంచి రాత్రులు పోయాయి. పంపేటప్పుడు ప్రతి పరికరం సీరియల్ నంబరును ఎగుమతి పత్రాల్లో రాయించుకుంటే, తిరిగి తెచ్చుకునేటప్పుడు అది మీదేనని చూపించడం తేలికవుతుంది.

టెక్కలి_రాత్రి:
దూరం నుంచి నడపడమే కొత్త విషయం కాదు. లదాఖ్‌లోని హాన్లేలో, సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్‌ను బెంగళూరు దగ్గరి హోస్కోటె నుంచి ఉపగ్రహ లింకు ద్వారా నడుపుతారు. కాని అంత చీకటి ఉన్నా, దక్షిణాకాశపు నక్షత్రగుచ్ఛం ఒమెగా సెంటారీ వంటివి హాన్లేలో 10 డిగ్రీల ఎత్తుకే వస్తాయి, మనకు 24 డిగ్రీలకు వస్తాయి. చీకటి ఒక్కటే కొలమానం కాదు.

గంటస్తంభం:
కందిరీగల సంగతి, కేబుల్ సంగతి చదివాక ఒక నిర్ణయానికి వచ్చాను. రెండు నెలలపాటు పరికరాన్ని డాబా మీదే ఉంచి, చేయి పెట్టకుండా కింది గది నుంచి మాత్రమే నడుపుతాను. ఎన్నిసార్లు మెట్లెక్కవలసి వచ్చిందో రాసుకుని, ఆ లెక్కను బట్టి పంపాలో కట్టాలో చూస్తాను.

ఉద్దానం:
ఆ లోపు అత్తవారి ఊళ్లో స్థలానికి వచ్చే కరెంటు లైను ఇళ్ల ఫీడరుదా (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను), వ్యవసాయ ఫీడరుదా అని కనుక్కోండి. వ్యవసాయ ఫీడరు అయితే రాత్రి కరెంటుకు భరోసా లేదు, షెడ్డు ఖర్చుతోపాటు సోలార్ ఖర్చు కూడా వేసుకోవాలి.