మా మామ చేన్ల దిబ్బ: పాత ఊరి పాటిదా, ఇనుము కరిగించిన చోటా?

మక్తల్ దిక్కు మా మామ చేన్ల నిలువెత్తు దిబ్బ ఉంది. ఊళ్లె పాటిదిబ్బ అంటరు. వాన కోసిన కాడ బూడిద పొరలు, ఇనుము కరిగిస్తే మిగిలే చిట్టెం లెక్క బొక్కలున్న గడ్డలు కనిపిస్తున్నయ్. కొలిమి ఉండెనా?

జవాబు 1: గడ్డ చేతిలో పట్టి చూడన్నా. ఇనుప చిట్టెమైతే బరువుంటుంది. తేలిగ్గా ఉంటే పేడ కాలి కరిగిందేమో. మీ పాలమూరు వైపే ఉట్నూరులో 1957లో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు ఆల్చిన్ ఇలాంటి బూడిద దిబ్బను తవ్వితే పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. కొత్త రాతియుగపు దొడ్డి అది. పేడకు మళ్లీ మళ్లీ నిప్పెందుకు పెట్టారన్నది ఇంకా తెగని తగాదానే.

జవాబు 2: బూడిద ఇటుక బట్టీదీ కావచ్చు. నూరిన రాతిగొడ్డలి, చేత్తో చేసిన కుండపెంకులు ఉన్నాయా? ఉంటే కొత్త రాతియుగానిది కావచ్చు.

అడిగినాయన: తేలికనే ఉంది, పెంకులు గూడ ఉన్నయ్. గని మామ ఎరువుకని ట్రాక్టర్లతోని తోలుతుండు!

జవాబు 1: ముందు అది ఆపించు. ఫొటోలతో పురావస్తు శాఖకు రాయి.