మా పామ్ (పామరేనియన్ కుక్క) విషయంలో ట్రైనర్ మరీ మొహం మీదే అనేశాడు, ఇది సబబేనా?

మా అత్తయ్య పామరేనియన్‌ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పెరుగన్నం కలిపి తినిపిస్తుంది, ఏసీ గదిలో స్వెటర్ కూడా వేస్తుంది. ఇప్పుడది సోఫాలో ఆవిడ పక్కన ఎవరు కూర్చోబోయినా గుర్రుమంటోంది, మొన్న మా మరిదిని కరవబోయింది. ట్రైనర్‌ని పిలిస్తే "పాడుచేసింది మీరేనండీ" అన్నాడు. అత్తయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

జవాబు 1: అన్నదాంట్లో తప్పేముంది? ఇదే పని లాబ్రడార్ చేస్తే మీరే భయపడేవాళ్ళు. చిన్నది కరిచినా రేబిస్ టీకాకి వెళ్ళాల్సిందేగా.

జవాబు 2: నిజమే కానీ, ఏడిపించిన ట్రైనర్‌ని ఎవరూ రెండోసారి పిలవరు, నష్టం కుక్కకే. తప్పు కుక్కది కాదని చెప్పి, ఏం చేయాలో చేసి చూపించాలి. గుర్రుమన్నందుకు మాత్రం కొట్టకండి, అది హెచ్చరిక, దాన్ని అణిచేస్తే ఈసారి చప్పుడు లేకుండా కరుస్తుంది. మీ మరిది దూరంగా ఉన్నప్పుడే ఉడికించిన చికెన్ ముక్క వేయండి, అది స్థిమితంగా ఉంటేనే ఇంకో అడుగు దగ్గరికి రమ్మనండి. సోఫా దిగమంటే దిగడం కూడా విడిగా, తిండి ఆశ చూపించి నేర్పించాలి, లాగి కింద పడేస్తే పని చెడుతుంది.

జవాబు 3: పెరుగన్నం కొంచెమైతే పర్లేదు, ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ మాత్రం అస్సలు వద్దు. మెడపట్టీ బదులు హార్నెస్ (ఛాతీ చుట్టూ కట్టే పట్టీ) వాడండి, పామ్‌లకి శ్వాసనాళం నాజూకు.