కాలర్ బోన్ అతుక్కున్నాక కూడా భుజంలో సత్తువ లేదు. ఆపరేషన్ చేయించి ఉండాల్సిందా?

ఆదోని కుర్రోడు: మా నాయనకు 52 ఏళ్లు, మార్కెట్ యార్డులో హమాలీ. నిరుడు బండి మీంచి పడి ఎడమ కాలర్ బోన్ నడిమికి విరిగింది. చేతికి జోలె కట్టి పంపినారు, ఆరు వారాలు ఉంచుకున్నాడు. ఎక్స్‌రే చూసి బాగా అతికిందన్నారు. కానీ వేరుశనగ మూట ఎత్తుకుంటే ఇరవై అడుగులు పోకముందే దించేస్తాండాడు. ఆ రోజే ప్లేటు వేయించింటే ఈ బాధ ఉండేది కాదని మా చిన్నాయన రోజూ అంటాడు. నిజమేనా?

తుంగభద్ర గట్టు: మీ చిన్నాయన మాటలో న్యాయముంది. 2007లో కెనడా డాక్టర్లు ప్లేటు వేసినవాళ్లనూ జోలె కట్టినవాళ్లనూ పోల్చి చూసినారు. ప్లేటు వేసిన 62 మందిలో ఇద్దరికే అతకలేదు, వేయని 49 మందిలో ఏడుగురికి అతకలేదు. భుజం పనితనం కూడా ప్లేటు వాళ్లకే మెరుగు.

అనంతపురం బౌలర్: అన్నా, ఆ లెక్క పక్కకు జరిగిన ముక్కలకే, అన్ని విరుగుళ్లకూ కాదు. నాకు 19 ఏళ్లప్పుడు విరిగింది, కత్తి పెట్టలేదు. నిమ్మకాయంత బుడిపె ఇప్పటికీ ఉంది, ఆదివారం వస్తే బౌలింగ్ చేస్తాండా. పైగా హమాలీకి ప్లేటు ఎక్కడ వస్తాది? పల్చటి చర్మం కింద, సరిగ్గా మూట ఆనే చోట. అది ఆలోచించండి.

కడప ఫిజియో: బౌలర్ తమ్ముడు చెప్పిన ఆ చివరి మాట చాలామందికి తట్టదు. అయితే "నాకు బాగైంది" అనేది ఇంకొకరికి జవాబు కాదు.

కాలర్ బోన్ రొమ్ము ఎముకకూ రెక్క ఎముకకూ మధ్య గుంజ లాంటిది. విరిగితే మెడ కండరం లోపలి ముక్కను పైకి లాగుతుంది, చేతి బరువు బయటి ముక్కను కిందికి దింపుతుంది, ఛాతీ కండరం దాన్ని లోపలికి గుంజుతుంది. ముక్కలు ఒకదాని మీదొకటి ఎక్కి అతికితే ఎముక పొట్టిదవుతుంది, రెక్క ఎముక ముందుకు వాలుతుంది. పందిరి గుంజ పొట్టిదైతే తాడు ఎంత కొత్తదైనా సడలుతుంది గదా, కండరాల పనీ అంతే.

2006లో కెనడా ఎముకల డాక్టరు మెకీ బృందం ముక్కలు జరిగి, ఆపరేషన్ లేకుండా అతికిన 30 మంది భుజాలను యంత్రం మీద పరీక్షించింది. చెయ్యి పక్కకు ఎత్తే బలం మంచి చేతితో పోలిస్తే 82 శాతం. అదే పని పదేపదే చేయిస్తే 67 శాతం. నేను గట్టిగా చెప్పేది ఇదే: గదిలో ఒకసారి చెయ్యెత్తించి "బాగుంది" అంటే సరిపోదు. హమాలీకి కావాల్సింది రోజంతా నిలిచే ఓపిక.

అయినా నేరమంతా ఎముకదే అనొద్దు. పొట్టితనానికీ బలహీనతకూ పొత్తు కనబడని అధ్యయనాలూ ఉన్నాయి. జోలెలో ఆరు వారాలుంటే ఏ కండరమైనా చిక్కిపోతుంది. తర్వాత కసరత్తు ఏమన్నా చేయించినారా? మెడ గుంట నుంచి భుజం కొస వరకు రెండు పక్కలా టేపుతో కొలవండి. గోడను రెండు చేతులా తోయమని, వెనక నిలబడి చూడండి.

ఆదోని కుర్రోడు: దర్జీ టేపుతో కొలిచినా మేడమ్. ఎడమ పక్క ఒకటిన్నర సెంటీమీటరు తక్కువ. గోడ తోస్తే ఎడమ రెక్క లేచి నిలబడింది, సందులో నా వేళ్లు రెండు పట్టినాయి. ఇన్నాళ్లూ మా అమ్మ కూడా చూడలేదు. కసరత్తు మాట మాకెవరూ చెప్పలేదు.

తుంగభద్ర గట్టు: ఒకటిన్నరే అయితే నేను కొంచెం తగ్గుతా. రెండు దాటితేనే నా వాదన గట్టిది.

కడప ఫిజియో: టేపు కొలతలో కొంత తేడా రావచ్చు, ఎక్స్‌రేలో కూడా కొలిపించండి. మూడు నెలలు గోడ తోపులు, రబ్బరు పట్టీ కసరత్తులు విడవకుండా చేయించి మళ్లీ చూద్దాం. అప్పటికీ మారకపోతే, ఎముకను కోసి పొడవు సరిచేసి ప్లేటు వేసే దారి ఆలస్యంగానైనా ఉంది. అందాకా ఆ భుజం మీద మూట వద్దు.

ఆదోని కుర్రోడు: మూట మోయకపోతే ఆ పూట కూలి రాదు మేడమ్. రేపు పొద్దున మేస్త్రిని కలిసి, మూడు నెలలు కాటా దగ్గర పని ఇమ్మని అడుగుతా.