సమస్య: “ఎడమ చెవి కోసికొని కట్టు కుడికిఁ గట్టె”

ఈ పాదం చివర వచ్చేలా తేటగీతి పద్యం పూరించాలి; వచ్చిన పూరణలు, వాటి కింద నా వ్యాఖ్యలు ఇవి. విషయం ఆత్మచిత్రం, సెల్ఫీ. యతిస్థానంలో ‘ఎడ–కుడి’ ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాల పొత్తు) ఉంది, గమనించండి. చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో 1888 డిసెంబరు 23న ఫ్రాన్సులోని ఆర్ల్‌లో కోసుకున్నది ఎడమ చెవి. 1889 జనవరిలో వేసుకున్న బొమ్మల్లో కట్టు కుడిచెవికి ఉన్నట్టు కనిపిస్తుంది.

పూరణ 1

అద్దమునఁ జూచి గీసిన యాత్మరూప
మందుఁ గుడి యెడమలు మాఱు మర్మ మరయఁ
దెలిసె విన్సెంటు బొమ్మలోఁ దిరుగు డిదియె:
ఎడమ చెవి కోసికొని కట్టు కుడికిఁ గట్టె

– అన్వయం సూటిగా ఉంది. ‘తిరుగుడు’ చక్కగా పడింది. తైలవర్ణానికి ‘గీసిన’ కన్నా ‘వ్రాసిన’ నప్పుతుంది; ‘వ్రా’ ముందు ‘చి’ తేలికగానే పలుకుతుంది కనుక గణం చెడదు.

పూరణ 2

ముందు కెమెరాకుఁ దెర గూడ ముకుర మయ్యె
భద్రపఱచిన వెనువెంటఁ బల్టి కొట్టె
వేషగానికి నగుబాటు వీధిఁ గల్గె
ఎడమ చెవి కోసికొని కట్టు కుడికిఁ గట్టె

– అమ్మా, యతులు కుదిరాయి, తర్కం తిరగబడింది. తెర మీద కనిపించేదే అద్దపు బొమ్మ. సేవ్ చేయగానే ఐఫోన్ దాన్ని మళ్లీ తిప్పి సరిచేస్తుంది. కట్టు ఎడమకే వస్తుంది. ఐఫోన్ కెమెరా సెట్టింగుల్లో ‘మిర్రర్ ఫ్రంట్ కెమెరా’ ఆన్ చేసి ఉంటేనే తప్పు అలాగే నిలిచిపోతుంది. అలాంటప్పుడు చొక్కా మీద అక్షరాలు చూడండి, తలకిందులు కావు గానీ వెనక నుంచి ముందుకు కనిపిస్తాయి. రెండో పాదం “భద్రపఱచిన నద్దమే పటముగాను” అంటే సరి. ఇంకొకటి: వేషగాడు చెవి కోసుకోలేదు కదా, ‘కోసికొని’ గాలిలో మిగిలింది.

పూరణ 3

మొగము ముక్కలు సేయుచు ముచ్చటపడి
ఫోను కత్తెర పట్టిన పోరఁ డొకఁడు
ఆపుటంగడిఁ బదిరూక లచట నిచ్చి
ఎడమ చెవి కోసి, కొని కట్టు కుడికిఁ గట్టె

– భలే విరుపు! ‘కోసికొని’ కాస్తా ‘కోసి’, ‘కొని’ అయింది: ఫొటోలో చెవిని క్రాప్ చేసి, ‘ఆపుటంగడి’లో (యాప్ స్టోరులో) కట్టు స్టిక్కరు కొని అంటించాడు. అద్దం ఊసే లేకుండా సమస్య విడిపోయింది. అయితే ‘ఒకఁడు + ఆపు’ దగ్గర ఉత్వసంధి నిత్యం, వదలకూడదు. “పోరగాఁడె / యాపుటంగడి” అని మార్చండి. యా–అ యతి చెల్లుతుంది. ‘ఇచ్చి’ తర్వాత సంధి లేదు, యడాగమమే. ‘యెడమ’ అని చదువుకున్నా ప్రాసయతికి భంగం లేదు.